ఫీనిక్స్ రాళ్ళ ఎడారిలో సైకిల్: లూప్ సంగతి రెండో రోజు చూద్దాం

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు కాడుగోడిలో ఉంటున్నాను. వయసు 41, బరువు 78 కిలోలు. నా సైకిల్ 29 అంగుళాల హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది. 100 మి.మీ. ఫోర్కు, ట్యూబులున్న 2.25 టైర్లు. అప్పుడప్పుడు నంది కొండ ఎక్కుతాను, మట్టి దారుల్లో 30, 40 కిలోమీటర్లు తొక్కడం అలవాటే. నవంబరు మూడో వారంలో ఆఫీసు పని మీద అమెరికాలోని ఫీనిక్స్‌కు వెళ్తున్నాను. అక్కడి మా టీమ్ వాళ్ళు వారాంతంలో సౌత్ మౌంటెన్ లూప్ చేద్దాం అంటున్నారు. డెజర్ట్ క్లాసిక్ అనే దారి మీదుగా వెళ్ళి, టెలిగ్రాఫ్ పాస్ అనే కనుమ ఎక్కి, నేషనల్ ట్రెయిల్ మీదుగా తిరిగి రావడమట. వీడియోలు చూస్తే అంతా రాళ్ళే, పక్కనంతా ముళ్ళే. నా సైకిల్ తీసుకెళ్ళనా, అక్కడే అద్దెకు తీసుకోనా? ఇంకా ఎనిమిది వారాల సమయం ఉంది, ఏం సాధన చెయ్యాలి? ఇంట్లో మాత్రం భయపడుతున్నారు. అసలు వెళ్ళొచ్చంటారా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. నంది కొండ ఎక్కే కాళ్ళకు ఆ చడావు భారం కాదు. ఫీనిక్స్ సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తునే ఉంది, మనం బెంగళూరులో ఉండేదే 900 మీటర్ల పైన. కాబట్టి ఊపిరి గురించి బెంగ పెట్టుకోవద్దు. నవంబరు మూడో వారానికి అక్కడ మధ్యాహ్నం ఎండ 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. జూన్, జులైలో అయితే 43 దాటుతుంది, ఆ రోజుల్లో అడిగి ఉంటే వద్దనే చెప్పేవాళ్ళం.

కానీ లూప్ శనివారం చెయ్యకండి. శనివారం డెజర్ట్ క్లాసిక్ మీద సగం దూరం వెళ్ళి, అదే దారిన వెనక్కి రండి. ఆ రాళ్ళ మీద టైరు ఎలా పట్టిందో, అద్దె సైకిల్ బ్రేకులు చేతికి ఎంత అలవాటయ్యాయో, నీళ్ళు ఎన్ని తాగారో ఆ మూడు గంటల్లో తేలిపోతుంది. లూప్ చెయ్యాలా వద్దా అన్నది ఆదివారం పొద్దున ఆ లెక్క చూసుకుని తేల్చుకోండి. మీ టీమ్ వాళ్ళకు ఈ మాట ఇప్పుడే చెప్పేయండి. అక్కడికి వెళ్ళాక మొహమాటానికి పోయి ఒప్పుకోవడం కంటే ఇది మేలు.

ఎందుకంటే ఆ రెండు దారులూ ఒక తీరువి కావు. సౌత్ మౌంటెన్ పార్కు ఫీనిక్స్‌కు దక్షిణాన 16,000 ఎకరాలకు పైగా పరుచుకున్న కొండల వరస. తూర్పు కొసన పీమా కాన్యన్ దగ్గర బయల్దేరితే డెజర్ట్ క్లాసిక్ కొండ దక్షిణ పాదం వెంబడే పడమటికి సుమారు 14 కిలోమీటర్లు సాగుతుంది. ఎండిన వాగులోకి దిగడం, ఎదుటి గట్టు ఎక్కడం, మళ్ళీ ఇంకో వాగు. రాళ్ళున్నా సైకిల్ ఆగకుండా నడుస్తుంది. పైగా ఎడమ చేతి వైపు అవాటుకీ కాలనీలు కనిపిస్తూనే ఉంటాయి. ఏదైనా తేడా వస్తే వీధిలోకి దిగిపోయే దారులు అక్కడక్కడా ఉన్నాయి. నేషనల్ ట్రెయిల్ అలాంటిది కాదు. కొండ నడినెత్తిన నడుస్తుంది. మోకాలెత్తు రాతి మెట్లు, గుండ్ల మధ్య ఇరుకు సందులు, ఒక గండం దాటి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి. తూర్పు భాగంలో వాటర్‌ఫాల్ అని పిలిచే రాతి మెట్ల వరస ఒకటుంది. అక్కడ చేయి తిరిగినవాళ్ళే చాలామంది దిగి సైకిల్ మోసుకుని పోతారు. మీరూ దిగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

సైకిల్ సంగతి. మీది తీసుకెళ్ళొద్దు, అద్దెకే తీసుకోండి. 100 మి.మీ. ఫోర్కుతో డెజర్ట్ క్లాసిక్ చెయ్యొచ్చు గానీ నేషనల్ మీద మణికట్లు, నడుము రెండూ మూల్గుతాయి. ముందు 140 లేదా 150 మి.మీ. ఫోర్కు, వెనక కూడా సస్పెన్షన్, డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే సీటును కిందికి దించే గొట్టం), 2.4 ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న 29 అంగుళాల ట్రెయిల్ బైక్ కావాలని ముందే చెప్పి బుక్ చేసుకోండి. ఇక్కణ్ణుంచి మీ హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, నిండు వేళ్ళ గ్లవ్స్, బూట్లు, పెడల్స్ పట్టుకెళ్ళండి. పెడల్స్ అంటే పిన్నులున్న ఫ్లాట్ పెడల్స్. రాతి మెట్టు మీద సైకిల్ ఆగిపోయిన క్షణంలో కాలు కింద పెట్టగలగాలి. క్లిప్ పెడల్స్‌లో ఇరుక్కున్న కాలు ఊడివచ్చేలోపు మీరు పక్కనున్న కాక్టస్ మీద ఉంటారు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుందని, వదులు చెయ్యాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలని గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మీ సైకిల్ దగ్గరికి వెళ్ళి కుడి చేతి బ్రేకు పట్టి చూడండి. మన దగ్గర అమ్మే సైకిళ్ళలో మామూలుగా అది ముందు చక్రానిది. మోటారు సైకిల్ కూడా అంతే. అమెరికాలో అద్దెకిచ్చే సైకిళ్ళలో ముందు చక్రం బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. చదును దారిలో ఇది పెద్దగా తెలియదు. రాతి దిగుడులో ముందు చక్రం జారినట్టు అనిపించినప్పుడు మాత్రం చేతులు ఏళ్ళ అలవాటునే నమ్ముకుంటాయి. మీరు వెనక బ్రేకు అనుకుని ఎడమ చేత్తో గట్టిగా లాగుతారు, ముందు చక్రం బిగుసుకుంటుంది, మీరు హ్యాండిల్ మీదుగా ముందుకు పడతారు. అందుకని బుక్ చేసేటప్పుడే, కనీసం ఒక రోజు ముందు, ముందు బ్రేకు కుడి చేతికి మార్చి ఇమ్మని అడగండి. మోటో పద్ధతి అంటే వాళ్ళకు అర్థమవుతుంది. కొన్ని కంపెనీల లీవర్లను ఇటుది అటు తిప్పి బిగిస్తే సరిపోతుంది. కొన్నిటికి బ్రేకు ఆయిల్ వెళ్ళే గొట్టం విప్పి, ఆయిల్ పట్టించి, అందులోని గాలి తియ్యాలి. అది అప్పటికప్పుడు కౌంటరు దగ్గర అయ్యే పని కాదు. మార్చలేమంటే ఎడమ లీవరుకు రంగు టేపు చుట్టి, ఖాళీ పార్కింగ్‌లో ముప్పావుగంట ఆగడం, కదలడం మాత్రమే చెయ్యండి. శనివారం లూప్ వద్దనడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు టైర్లు. రాళ్ళ ఎడారిలో సగం తొక్కుడు ఇక్కడే ఉంది.

ట్యూబున్న టైరులో గాలి తగ్గించి రాయిని ఢీకొంటే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి, పాము కాటు గాట్లలా. ఆ భయంతో గాలి ఎక్కువ కొడితే టైరు రాయి మీద ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు. మీ 2.25 టైర్లలో ఇప్పుడు గాలి 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటి పెడుతున్నారనుకుంటాం. ట్యూబ్‌లెస్ 2.4 టైరుకు, మీ 78 కిలోల బరువుకు, ముందు 22, వెనక 25 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. డిజిటల్ గేజీతోనే చూడండి. ఫ్లోర్ పంపు ముల్లు ఆ చిన్న అంకెల దగ్గర రెండు మూడు పీఎస్‌ఐ తప్పు చూపిస్తుంది, ఇక్కడ ఆ తేడాయే సర్వస్వం. రిమ్ము రాయికి తగిలి ఠంగుమని వినిపిస్తే వెనక రెండు పీఎస్‌ఐ పెంచండి. మలుపులో టైరు పక్కకు మెలిపడ్డట్టు అనిపిస్తే ముందు ఒకటి పెంచండి. పొద్దున 10 డిగ్రీల చలిలో 22 పెడితే మధ్యాహ్నం 25 డిగ్రీలకు అదే దాదాపు 24 అవుతుంది, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి. చేత్తో నొక్కి గట్టిపడిందని గాబరాపడి గాలి తియ్యొద్దు, ఆ తేడా ముందే తెలిసి పెట్టుకోండి.

టైరు లోపల సీలెంట్ (రంధ్రాలను లోపలి నుంచి మూసే ద్రవం) ఉందా లేదా అన్నది షాపువాళ్ళ మాట మీద వదిలెయ్యకండి. చక్రం ఊడదీయించి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల పలచటి ద్రవం కదిలిన చప్పుడు రావాలి. 29 అంగుళాల 2.4 టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు ఉండాలి. ఆ పొడి గాలిలో అది రెండు నెలల్లోనే ఎండి అట్టకడుతుంది. అలా ఎండిపోతే ట్యూబ్‌లెస్ పేరుకే మిగులుతుంది. చప్పుడు రాకపోతే కొత్తది పోయించుకోండి.

సీలెంట్ ఎందుకంత ముఖ్యమో ఆ ఊరి ముళ్ళు చూస్తే తెలుస్తుంది. మన చేలగట్ల మీద పాకే పల్లేరు అక్కడా ఉంది, అచ్చం అదే మొక్క, అదే కాయ. సర్కారు తుమ్మకు అదే జాతి చుట్టమైన మెస్కిట్ చెట్టు వాగుల పక్కన కనిపిస్తుంది. ముళ్ళన్నీ సీలెంట్ పట్టుకోగలిగినవే. ముల్లు టైరులో దిగిందని చూడగానే పీకేయకండి. ముల్లే బిరడాగా ఉంటుంది. పీకితే ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రాన్ని తిప్పి నిలిపి సీలెంట్‌ను అక్కడ చేరనివ్వాలి, ఒక నిమిషం ఓపిక పట్టాలి. నాలుగు మిల్లీమీటర్లకు మించిన చీలికను సీలెంట్ ఒక్కటీ ఆపదు. దానికి రబ్బరు ప్లగ్గు కావాలి. సూదికి గుచ్చిన ప్లగ్గును మూడొంతులు లోపలికి నెట్టి, సూదిని మెలితిప్పకుండా సర్రున వెనక్కి లాగితే ప్లగ్గు అక్కడే నిలుస్తుంది. టైరు ప్రక్కగోడ రాతి అంచుకు చీలితే ప్లగ్గూ పనిచెయ్యదు, లోపలి నుంచి ఆసరా పెట్టాలి. పాత టైరు నుంచి రెండంగుళాల ముక్క కోసి జేబులో పెట్టుకోండి. అదీ లేకపోతే మడత పెట్టిన కరెన్సీ నోటు ఆ పూట గడిపిస్తుంది.

అప్పుడు ట్యూబు వెయ్యాల్సి వస్తుంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు. ట్యూబ్‌లెస్ టైరులో అప్పటికే పదో ఇరవయ్యో ముళ్ళు గుచ్చుకుని ఉంటాయి. సీలెంట్ వాటి చుట్టూ గడ్డకట్టి ఉంది కాబట్టి ఒక్కటీ కనిపించలేదు. ఇప్పుడు ట్యూబు పెట్టి గాలి కొట్టగానే అవన్నీ ఒకేసారి గుచ్చుతాయి, ఉన్న ట్యూబు పోతుంది. కాబట్టి టైరును రిమ్ము నుంచి పూర్తిగా విప్పి లోపలివైపు తిరగెయ్యండి. ఒట్టి వేలితో తడమొద్దు, గ్లవ్ మీద పల్చటి గుడ్డ చుట్టి మెల్లగా రాయండి. గుడ్డ దారం పట్టుకున్న ప్రతి చోటా ఒక ముల్లుంటుంది. చిన్న పట్టకారుతో లోపలి నుంచే లాగండి. ఒక చుట్టు అయ్యాక రెండో చుట్టు కూడా చెయ్యండి. పావుగంట పట్టినా సరే. ట్యూబులు రెండు ఉండాలి, ఒకటి చాలదు. పంపు చేతిదే తీసుకెళ్ళండి, విమానంలో గ్యాస్ కాట్రిడ్జ్ తీసుకెళ్ళే పని పెట్టుకోవద్దు. కావాలంటే అక్కడే కొనుక్కోండి.

టైరుకు గుచ్చుకునే ముళ్ళ కంటే మనిషికి గుచ్చుకునేది ఒకటుంది, చోయా. మన కంచెల్లో పెరిగే నాగజెముడుకు దగ్గరి బంధువు. దాని కణుపులు ముట్టుకుంటే చాలు ఊడివస్తాయి, ముల్లు చివరన కంటికి కనపడని ఎదురు పళ్ళుంటాయి కాబట్టి లాగినకొద్దీ లోపలికే పట్టుకుంటాయి. దారిలో రాలిన కణుపును టైరు ఎత్తి పిక్కకు అతికించడం అక్కడ మామూలే. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది, గ్లవ్ దాన్ని ఆపదు. జేబులో ఒక ప్లాస్టిక్ దువ్వెన పెట్టుకోండి, పళ్ళు ఎడంగా ఉన్నది. దువ్వెన పళ్ళను చర్మానికీ కణుపుకూ మధ్య దూర్చి, పక్కవాళ్ళను దూరం జరగమని, ఒక్క విసురుతో అవతలికి విసరండి. మిగిలిపోయిన విడి ముళ్ళను పట్టకారుతో ఒక్కొక్కటే తియ్యండి. దారి పక్కన లేత పసుపుగా, ఎండలో బొచ్చులా మెరిసే పొద కనిపిస్తే ఆ వైపు ఒరగకండి, అక్కడ ఆగి ఫోటో కూడా వద్దు.

అద్దె షాపులో ఇంకో పని, సస్పెన్షన్. నీళ్ళ సంచితో సహా అన్నీ తగిలించుకుని సైకిల్ మీద కూర్చుంటే వెనక షాకు తన ప్రయాణంలో 28 నుంచి 30 శాతం, ముందు ఫోర్కు 20 శాతం కుంగాలి. షాకు స్ట్రోకు 55 మి.మీ. అయితే దాని కడ్డీ మీది రబ్బరు రింగు 16 మి.మీ. దగ్గర ఆగాలి. అంతకంటే తక్కువ కుంగితే గాలి ఎక్కువున్నట్టు. రాళ్ళ మీద సైకిల్ గుర్రంలా ఎగరేస్తోందంటే రీబౌండ్, అంటే కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం, ఎక్కువుందని, దాన్ని రెండు క్లిక్కులు నెమ్మది చెయ్యండి. వరస రాళ్ళలో వెనక భాగం కుంగిపోయి లేవకపోతే మరీ నెమ్మదించారని అర్థం. చెయిన్ తెగితే కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింక్, ఆ ఫ్రేముకే సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) ఒకటి అడిగి తీసుకోండి. హ్యాంగర్ ఒక్కో మోడలుకు ఒక్కో రకం. రాయికి తగిలి అది విరిగితే మిగతా సామాను ఎంతున్నా తొక్కలేరు.

సాధన విషయానికి వస్తే, ఎనిమిది వారాలు చాలా ఎక్కువ సమయమే. దూరాలు పెంచకండి, మీకు దూరం ఉంది. కావలసింది రాతి మెట్టు ఎక్కే నేర్పు. మీ అపార్టుమెంటులో 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఫుట్‌పాత్ అంచు చాలు. నడక కంటే కొంచెం వేగంగా ఎదురుగా రండి. పెడల్స్ రెండూ సమానంగా, మీ బలమైన కాలు ముందు. ముందు చక్రం అంచుకు అర చక్రం దూరంలో ఉండగా మోచేతులు వంచి ముందుకు కుంగి, ముందు కాలితో పావు చుట్టు గట్టిగా తొక్కుతూ హ్యాండిల్‌ను ఒంటివైపు లాగండి. చక్రం తేలుతుంది. అది అంచు మీద దిగగానే నడుము ముందుకు తెచ్చి, సీటు మీది నుంచి పూర్తిగా లేచి, వెనక చక్రం మీది బరువు తియ్యండి. వెనక చక్రం అంచును గుద్దుతున్నదంటే నడుము ఆలస్యంగా కదిలిందని.  మొదటివారం ఒకే కాలుతో, ఆ తర్వాత రెండో కాలు ముందు పెట్టి కూడా చెయ్యండి. రాళ్ళలో మనకు నచ్చిన కాలు ఎప్పుడూ ముందుండదు.

రెండోది పావు చుట్ల తొక్కుడు. రాళ్ళ సందుల్లో పెడల్ పూర్తి చుట్టు తిప్పితే కింది పెడల్ రాయికి తగిలి సైకిల్ అక్కడే ఆగిపోతుంది. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ ముందుకు, ఇలా తొక్కుతూ ముందుకు పోవడం చేతనవ్వాలి. ఇది పార్కింగ్ ఏటవాలు మీద చెయ్యండి. గేరు మరీ తేలికది వద్దు. వెనక అన్నిటికంటే పెద్దదైన 51 పళ్ళ చక్రం మీద మెట్టు ఎక్కబోతే కాళ్ళు తిరుగుతాయి, వెనక టైరు జారుతుంది, సైకిల్ కదలదు. దాని కింద రెండో మూడో గేరు పట్టుకుంటే ఒక్క తొక్కులో మెట్టు దాటిపోతారు.

మూడోది బ్రేకులు. కాడుగోడి దాటాక, హోసకోటె వైపు ఇంకా ఇళ్ళు కట్టని లేఔట్లలో గట్టి నేల మీద కంకర చిందిన చోట్లు దొరుకుతాయి. ఎడారి మలుపుల్లో ఉండేది ఇదే, గట్టి మన్ను మీద చిన్న రాళ్ళు. ముందు బ్రేకు ఒక్క వేలితో మెల్లగా పెంచుతూ చక్రం ఎక్కడ బిగుసుకుంటుందో చేతికి తెలిసేదాకా చెయ్యండి. రాయి మీద ఉన్నప్పుడు బ్రేకు పట్టకూడదు. రాయికి ముందు వేగం తగ్గించి, దాని మీద వదిలేసి, దాటాక మళ్ళీ పట్టాలి. దిగేటప్పుడు మడమలు కిందికి, మోచేతులు బయటికి, చూపు పది మీటర్ల ముందుకు. వెనక్కి మరీ జరిగితే ముందు చక్రానికి బరువు లేక అదే జారుతుంది. అడవుల్లోని ట్రెయిల్స్ చాలావరకు అటవీ శాఖవి, అనుమతి ఉందో లేదో కనుక్కోకుండా గేటు దాటొద్దు. దీపావళికి ఊరెళ్తే మీ సైకిల్ కూడా తీసుకెళ్ళండి. అనంతపురం చుట్టూ ఉన్న గుట్టల దారులు, సర్కారు తుమ్మ ముళ్ళు ఫీనిక్స్‌కు మంచి ముందస్తు పరీక్ష. వీలైతే అప్పటికే మీ టైర్లను ట్యూబ్‌లెస్ చేయించండి. ప్లగ్గు వెయ్యడం ఇంటి దగ్గరే ఒకసారి చేతికి రావాలి.

నీళ్ళు. బెంగళూరులో చెమట చొక్కాకు అంటుకుని కనిపిస్తుంది. ఆ పొడి గాలిలో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. చెమట పట్టడం లేదు కదా అని తాగడం తగ్గిస్తారు. మీకెంత కావాలో ఇక్కడే తెలుసుకోండి. ఒక గంట గట్టిగా తొక్కే ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు లీటరు, దానికి మధ్యలో తాగింది కలిపితే మీ గంట లెక్క వస్తుంది. చాలామందికి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా. శనివారం మూడు గంటలకు 3 లీటర్ల సంచి చాలు. లూప్‌కు కొత్తవాళ్ళకు అయిదు గంటలు పట్టొచ్చు, కాబట్టి సంచి నింపుకుని ఇంకా లీటరు సీసాలు రెండు కూడా తగిలించుకోండి, దారిలో నీళ్ళు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. సీసాల్లో మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ కలపండి, ఒక లీటరు ప్యాకెట్ ఒక లీటరుకే, సగం నీళ్ళలో కలపకూడదు. ఉత్త నీళ్ళే గంటల తరబడి తాగితే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి వస్తాయి. తిండికి పల్లీ చిక్కీ, ఖర్జూరాలు చక్కగా సరిపోతాయి. ఆకలి వేసేదాకా ఆగకుండా అరగంటకో ముక్క. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా, చలి వేసి రోమాలు నిక్కబొడుచుకున్నా, మాట తడబడినా ఇక తొక్కడం లేదు. నీడకు చేర్చి, తల, మెడ తడిపి, అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చెయ్యాలి. ఈ లక్షణాలు మీ టీమ్ వాళ్ళకు కూడా చెప్పి ఉంచండి. ఆ స్థితిలో ఉన్న మనిషి తనకేమీ కాలేదనే అంటాడు.

ఇక ఆదివారం. పీమా కాన్యన్ నుంచి ఉదయం ఏడున్నరకల్లా బయల్దేరండి. ఆ రోజుల్లో సాయంత్రం 5.20కే పొద్దు గుంకుతుంది, కొండ నీడ ఇంకా ముందే పడుతుంది. లూప్‌ను డెజర్ట్ క్లాసిక్ వైపు నుంచే మొదలుపెట్టండి. ఎదురు దిశలో వస్తే నేషనల్ మీది రాతి మెట్లన్నీ ఎక్కాల్సి వస్తుంది, సగం లూప్ సైకిల్ మోయడంతోనే గడుస్తుంది. టెలిగ్రాఫ్ పాస్ మొదట్లో చదునుగా ఉన్నా తర్వాత రాతి ఎక్కుడే, నడిచేవాళ్ళు గుంపులుగా ఉంటారు. సిగ్గు పడకుండా దిగి నెట్టండి, కాళ్ళను నేషనల్ కోసం దాచుకోండి. నడిచేవాళ్ళకు, గుర్రాలకు సైకిల్ ఆగి దారి ఇవ్వాలి. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు దారి ఇవ్వాలి. చిన్న గంట ఒకటి హ్యాండిల్‌కు కట్టుకోండి, మలుపుల దగ్గర మాటకంటే అది బాగా వినిపిస్తుంది.

టెలిగ్రాఫ్ పాస్ ఎక్కడం మొదలుపెట్టే చోటే ఆగి చూసుకోవాలి. అక్కడికి మీ దగ్గర మూడు లీటర్ల నీళ్ళు మిగిలి ఉండాలి, గడియారంలో 11 దాటకూడదు, ట్యూబు కనీసం ఒకటి వాడకుండా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా వచ్చిన దారినే వెనక్కి తిరగండి, దారి తెలిసిందే కాబట్టి తేలిగ్గా వచ్చేస్తారు. మూడూ ఉంటే పైకి వెళ్ళండి. పైన చేరాక ఒంట్లో బాలేదనిపిస్తే ఇంకో మార్గం ఉంది. శిఖరం మీద తారు రోడ్డు నేషనల్ ట్రెయిల్‌కు అడ్డంగా వస్తుంది, దాని మీద ఉత్తరం వైపు దిగితే సెంట్రల్ ఎవెన్యూ గేటుకు చేరతారు. కారు కొండ అవతలి కొసన ఉంటుంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళాలి. అందుకని గుంపులో ఒకరు ఫోన్‌కు అందుబాటులో ఉండేలా ముందే మాట్లాడుకోండి. మ్యాపు ఫోన్లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, జంక్షన్ దగ్గర బోర్డుల కోసం చూడండి.

పాముల గురించి ఇంట్లో తప్పకుండా అడుగుతారు. నవంబరులో చలి పెరిగి వాటి తిరుగుడు తగ్గుతుంది, వెచ్చటి మధ్యాహ్నాలు మాత్రం రాటిల్‌స్నేక్ ఎండ కాచుకోవడానికి దారి మీదికి రావచ్చు. చూడకుండా బండ మీద కూర్చోకండి, రాయి కింది నీడలో చెయ్యి పెట్టకండి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా 911కు చెప్పడమే.

ఆఫీసు ఇచ్చే ప్రయాణ బీమా కాగితం ఒకసారి తీసి చదవండి. పర్వత సైక్లింగ్‌ను సాహస క్రీడల్లో కలిపి మినహాయించే పాలసీలు చాలా ఉన్నాయి. అలా ఉంటే దానికి విడిగా అదనపు కవర్ తీసుకోండి, అమెరికాలో చెయ్యి విరిగితే వచ్చే బిల్లు చిన్నది కాదు. అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు ఫ్రేము, రిమ్ములు, డిరైలర్ ఫోటోలు తీసి పెట్టుకోండి, గీతలేమైనా ఉంటే షాపువాళ్ళకు అప్పుడే చూపించండి.